కలల వాంగ్మూలం

కళ్ళద్దాల దుకాణంలో ఆమెని అందరూ లెన్సమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది యజమాని. అద్దం అంచుని తిరిగే రాయి మీద అరగదీసి, ఫ్రేములో బిగించి, మెత్తటి గుడ్డతో తుడిచి, కిటికీ వెలుగుకి ఎత్తి చూసుకునేదాకా ఆమెకి తృప్తి ఉండేది కాదు. కొత్త కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దాయన ఎవరైనా గుమ్మంలో నిలబడి, "అమ్మో, ఎదురింటి గోడకి ఇన్ని పగుళ్ళున్నాయా!" అన్నాడంటే ఇక ఆ పూటంతా ఆమె కాలు నేల మీద ఆనేది కాదు.

అంత చిన్నదానికే పొంగిపోయే మనిషి, వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి యజమానిని అడిగి బయటపడేది. రెండు వీధులవతల ఒక మేడ. మెట్లెక్కితే ఒక గది. గదిలో పొడుగాటి దివాను, దాని తలవైపు ఒక కుర్చీ, కుర్చీలో డాక్టరుగారు. ఆమె దివాను మీద వెల్లకిలా పడుకుని నోటికొచ్చింది నోటికొచ్చినట్టు మాట్లాడాలి. ఆయన వినాలి. అదే వైద్యం. మందూ లేదు, మాత్రా లేదు. కింద గోడకి బిగించిన బోర్డు మీద 'మనోవిశ్లేషకులు' అని ఉండేది. మొదటిరోజు తోడొచ్చిన అక్క ఆ బోర్డుని రెండుసార్లు కూడబలుక్కుని చదివి, "ఇంత పొడుగు పేరున్న రోగం మనింట్లో ఎవరికీ లేదే" అంది.

రోగం పేరు లెన్సమ్మకీ తెలియదు. జరిగింది మాత్రం తెలుసు. కూతురు పుట్టి మూడు నెలలయింది. దానికి అప్పటికే పిడుగు అని పేరు పడింది, ఏడుపు మొదలుపెడితే ఇంటి కప్పు లేచిపోయేది. ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటలపాటు ఏడ్చింది. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. లెన్సమ్మ మంచం మీది దిండు చేతిలోకి తీసుకుంది. దీన్ని ఆ మొహం మీద పెడితే నిశ్శబ్దం వస్తుంది కదా అనుకుంది. అనుకున్న మరుక్షణం దిండుని అల్మరాలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని పక్కింటావిడ చేతికిచ్చి, పిల్లని ఒళ్ళో వేసుకుని గుమ్మంలో కూర్చుంది. మొగుడు ఆఫీసు నుంచి వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఈ సంగతి ఆ గదిలో చెప్పడానికి ఆమెకి నెల పట్టింది. చెప్పి, ఉరిశిక్ష కోసం ఎదురుచూసినట్టు కళ్ళు మూసుకుంది. వెనక కుర్చీలోంచి చాలాసేపు చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడమే ఆయన పద్ధతి. చివరికి, "దిండు పట్టుకున్న చేతులే తాళం కూడా వేశాయి" అన్నారాయన. ఆ ఒక్క మాటకి ఆమె బావురుమంది. మూడు నెలల తర్వాత ఆ రోజే కడుపునిండా అన్నం తింది.

ఆ మౌనం అంటే ఆమెకి ఇష్టం ఏర్పడింది. ఇంట్లో ఏ మాటన్నా ఎదుటి మాట తయారుగా ఉండేది. ఇక్కడ మాట అనేశాక అది గాల్లో నిలబడి ఉండేది, తానే మళ్ళీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకునేది, కిటికీ వెలుగులో అద్దాన్ని చూసుకున్నట్టు.

డాక్టరుగారు నోట్‌బుక్కులో రాసుకునేవారు. పైన తారీకు, కింద ఆమె మాటలు, అంతే. ఇది కల, ఇది కోరిక, ఇది నిజంగా జరిగింది అని విడివిడిగా రాసేవారు కారు. పక్కన గుర్తు కూడా పెట్టేవారు కారు. "అలా అయితే రేపు మీకే తికమక అవదూ?" అని ఆమె ఓసారి అడిగింది. "మనసులో అవన్నీ ఒకే గదిలో కాపురం ఉంటాయమ్మా. మధ్యలో గోడ కడితే ఆ గోడ నాది అవుతుంది, మీది కాదు" అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా అలాగే రాస్తున్నారట.

ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందంటే, ఇంటికి వెళ్ళగానే మొగుడికి చెప్పింది. అతను తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. అతని ముద్ర పడనిదే ఊళ్ళో ఏ తక్కెడా తక్కెడ కాదు. విని నవ్వాడు. "మా ఆఫీసులో అలా రాస్తే మర్నాడే ఇంటికి పంపిస్తారు" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆ రోజుల్లో ఇద్దరూ బాగానే ఉండేవారు. అతను ఆఫీసు నుంచి వస్తూ ఆమె కోసం ఎండుద్రాక్ష పొట్లం జేబులో దాచుకొచ్చేవాడు. ఏ జేబులో ఉందో ఆమె కనిపెట్టాలి. అలాంటి ఒక సాయంత్రమే, డాబా మీద బట్టలు తీస్తూ, దిండు సంగతి కూడా చెప్పేసింది. మొగుడికి చెప్పకపోతే ఇంకెవరికి చెబుతుంది? అతను చేతిలోని బట్టలు పిట్టగోడ మీద పెట్టి, ఆమె తలని భుజానికి ఆనించుకున్నాడు. "పిచ్చిదానా" అన్నాడు. పెళ్ళయ్యాక అంత దగ్గరగా ఉన్న సాయంత్రం ఇంకోటి లేదని ఆమె చాలాకాలం అనుకుంది.

నాలుగేళ్ళ తర్వాత అదే సంగతి అతని పిటిషన్‌లో నాలుగో పేరాగా వచ్చింది.

ఆ నాలుగేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా ఏం చెడింది అంటే చెప్పడానికి పెద్ద కారణం ఏమీ లేదు. కుండకి చిల్లు ఎప్పుడు పడిందో ఎవరూ చూడరు, నీళ్ళు లేవన్నప్పుడే తెలుస్తుంది. అతను ప్రతి మాటనీ తూచేవాడు. ఆమె తూకానికి నిలబడని మాటలే అనేది. ఒకరోజు పిడుగుని తీసుకుని అక్క ఇంటికి వచ్చేసింది. అక్క ఒక బళ్ళో లెక్కల టీచరు, ఒంటరి మనిషి, నోరు తప్ప మరో ఆస్తి లేదు. నెల తిరక్కుండా కోర్టు కాగితం వచ్చింది. విడాకులకి ఆమెకీ అభ్యంతరం లేదు. కానీ పిల్లని తనకే అప్పగించాలని అతను అడిగాడు. తల్లి దగ్గర పిల్ల ప్రాణానికి భద్రత లేదు, కావాలంటే ఆవిడ డాక్టరు రాసుకున్న పుస్తకాలు తెప్పించి చూడండి, అని.

అక్క నాలుగో పేరా చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వే చెప్పావా వాడికి?"

"అవును."

"ఎందుకే?"

"అప్పుడు బాగున్నాం అక్కా."

అక్క చీవాట్లు పెట్టకుండా కాగితాన్ని మడిచి కవరులో పెట్టింది. ఆ ఇంట్లో అది అరుదు.

లెన్సమ్మ మర్నాడే మేడ మెట్లెక్కింది. ఆ రోజు మంగళవారమూ కాదు, శుక్రవారమూ కాదు. మొదటిసారిగా దివాను మీద పడుకోకుండా, నిలబడి ఆయన మొహం చూస్తూ మాట్లాడింది. "ఆ పుస్తకాలు చించేయండి డాక్టరుగారూ."

"కోర్టు అడిగాక చించితే నేరం. అడగకముందు చించాలని నాకు తోచలేదు" అన్నారాయన. "నా దగ్గరికి వచ్చినవాళ్ళు చెప్పింది గది దాటకూడదని జడ్జిగారికి చెబుతాను. సీలు వేసిన కవరులో ఇస్తాను. తెరవొద్దని అడుగుతాను."

"తెరిస్తే?"

ఆయన మాట్లాడలేదు. ఆమె జవాబు కోసం ఆగలేదు. ఆయన మౌనంలో తనకి కావలసింది తానే వెతుక్కోవడం నాలుగేళ్ళుగా అలవాటు కదా, ఈసారి కూడా ధైర్యం వెతుక్కుని మెట్లు దిగింది.

కోర్టు హాలు మొదటి అంతస్తులో ఉంది. బల్లలకి కొత్తగా వార్నిష్ వేసినట్టున్నారు, కూర్చుంటే బట్ట అంటుకుని, లేచేటప్పుడు చిర్రుమని చప్పుడయ్యేది. లెన్సమ్మ తరఫున వాదించే లాయరమ్మకి గొంతు ఎప్పుడూ బొంగురే. ఆవిడ ముందే చెప్పింది: "మీ డాక్టరు మంచాయనేనమ్మా, కానీ ఇక్కడ మంచాయన కన్నా మాటకారి కావాలి. సూటిగా అవును, కాదు అని చెప్పమనండి. నేనూ చెప్పి చూశాను, తల ఊపారు. ఆ ఊపుడుకి అర్థం ఏంటో నాకైతే తెలీలేదు."

ఎదుటి వకీలుని హాల్లో అందరూ ఇస్త్రీ వకీలు అనేవారు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆయన కోటు మీద ఒక్క మడత ఉండేది కాదు. డాక్టరుగారి కవరు సంగతి రాగానే ఆయన లేచి, "పిల్ల ప్రాణం ఒకవైపు, డాక్టరుగారి మర్యాద ఒకవైపు సార్. ఏది బరువో మీరే తూచండి" అన్నాడు. వెనక బల్లలో కూర్చున్న తూనికల ఇన్‌స్పెక్టరు తల దించుకున్నాడు. జడ్జిగారు, వయసులో పెద్దావిడ కాదు, నిదానంగా మాట్లాడే మనిషి, ఒక నిమిషం ఆలోచించి కవరు చించారు.

అలా లెన్సమ్మ నాలుగేళ్ళపాటు పైకప్పు కేసి చూస్తూ చెప్పుకున్న మాటలు అందరి మధ్యా బల్ల మీద పరుచుకున్నాయి.

"ఈ చేతిరాత మీదేనా డాక్టరుగారూ?" అన్నాడు ఇస్త్రీ వకీలు.

"నాదే."

"ఒక చోట చదువుతాను. తప్పు చదివితే ఆపండి." వకీలు గొంతు సవరించుకున్నాడు. "'పిల్లని తొట్టిలో కూర్చోబెట్టాను. నీళ్ళు పెరుగుతున్నాయి. నేను స్టూలు మీద కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటున్నాను. అమ్మా అని పిలిచింది. ఉండు, ఇంకో గోరు ఉంది అన్నాను. నీళ్ళు దాని గడ్డం దాకా వచ్చాయి.' సరిగ్గా చదివానా?"

"చదివారు."

"అది కల సార్!" లాయరమ్మ బొంగురు గొంతుతో లేచింది. జడ్జి ఆడమనిషైనా సార్ అనడం ఆ హాల్లో వకీళ్ళందరికీ అలవాటు.

"కల అని ఎక్కడ రాసుందో లాయరమ్మగారు చూపిస్తే నేను కూర్చుంటాను" అన్నాడు వకీలు. "దాని కిందే ఇంకో వాక్యం ఉంది. 'తల తుడిచి, పాలు పట్టి పడుకోబెట్టాను.' డాక్టరుగారూ, ఇది కూడా కలేనా?"

"కాదు. అది జరిగింది."

"పైది కల, కిందది జరిగింది. మధ్యలో గీత లేదు, ఖాళీ లేదు, కనీసం ఒక చుక్క లేదు. ఏది ఏదో మీకెలా తెలుసండీ?"

"నాకు తెలుసు."

"మీకు తెలిస్తే మీకు మంచిదే. ఈ కోర్టుకెలా తెలియాలి?"

ఎవరో నవ్వారు. డాక్టరుగారు తన పద్ధతి గురించి చెప్పడం మొదలుపెట్టారు. మనసులో ఒకే గది, మధ్యలో గోడ, ఆ మాటలే. మేడ మీద ఎంతో లోతుగా వినబడ్డ ఆ మాటలు ఇక్కడ ఫ్యాను కింద కాగితాల్లా ఎగిరిపోయాయి. టైపు చేసే ఆమె మధ్యలో చేతులు ఆపి, "ఇది రాయాలా అమ్మగారూ?" అని జడ్జిగారిని అడిగింది.

వకీలు దిండు దగ్గరికి వచ్చాడు. అల్మరా, తాళం, పక్కింటావిడ చేతిలో తాళంచెవి, అన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాడు. "దిండుకి తాళం వేసే ఇల్లు నేనింతవరకూ చూడలేదు సార్. ప్రమాదం లేకపోతే తాళం దేనికి? తన చేతుల మీద తనకే నమ్మకం లేని తల్లి చేతుల్లో పిల్లని ఎలా పెట్టమంటారు?"

 ఆ తాళమే కదా లెన్సమ్మని బతికించింది. తనలో తనకి కనబడ్డ ఒకే ఒక్క మంచి మనిషి ఆ తాళం వేసిన మనిషి. ఆమెనే తీసుకొచ్చి బోనులో నిలబెట్టారు.

"చివరి ప్రశ్న" అన్నాడు వకీలు, కోటు అంచు సర్దుకుంటూ. "ఇన్నేళ్ళ అనుభవం మీది. నాలుగేళ్ళు ఈవిడ మనసంతా తెరిచి చూశారు. ఈవిడ దగ్గర పిల్ల క్షేమంగా ఉంటుందని ప్రమాణం చేసి చెప్పగలరా? అవునా, కాదా? ఒక్క మాట."

డాక్టరుగారు నోరు విప్పలేదు.

హాలంతా ఆయన కేసి చూసింది. ఆయన కళ్ళు కొంచెం దించుకుని, కుడి బొటనవేలితో చూపుడువేలు రాసుకుంటూ కూర్చున్నారు. ఆ మౌనం లెన్సమ్మకి బాగా ఎరుక. మేడ మీద అది తన కోసం కుర్చీ లాగి వేసినట్టుండేది. ఇక్కడ అదే కుర్చీని తన కింద నుంచి లాగేస్తున్నట్టుంది. మాట్లాడండి, మాట్లాడండి అని ఆమె లోపల్లోపల అరుస్తూనే ఉంది. గోడ మీది గడియారం ముల్లు ఒక గీత దాటి ఇంకో గీతకి వెళ్ళింది.

"డాక్టరుగారూ?" అన్నారు జడ్జిగారు.

ఆయన తలెత్తి వకీలుని చూశారు. "మీరీ ప్రశ్న ఈ రకంగా ఎందుకు అడుగుతున్నారు?" అన్నారు మెత్తగా.

ఈసారి నవ్వు వెనక బల్లల దాకా పాకింది. ఇస్త్రీ వకీలు చేతులు జోడించాడు. "నాకు వైద్యం తర్వాత చేద్దురుగాని, ముందు జవాబు చెప్పండి!"

"ఇక్కడ ప్రశ్నలు అడిగేది మీరు కాదండీ" అన్నారు జడ్జిగారు, డాక్టరుగారితో. కోపంగా ఏమీ అనలేదు. ఇంకాసేపు ఆగారు కూడా. ఆ తర్వాత టైపు చేసే ఆమె వైపు తిరిగారు. "సాక్షి సమాధానం చెప్పలేదు. అలా రాయండి."

"మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలే అన్నారు సార్. నా వాదన ఆయన ఒప్పుకున్నట్టే" అంటూ వకీలు కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు కూడా కోటు నలగలేదు.

బయట వరండాలో లెన్సమ్మ డాక్టరుగారికి అడ్డం నిలబడింది. "అవును అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేది?"

"ప్రమాణం చేసి ఎవరి గురించీ అలా చెప్పలేనమ్మా. ఆ వకీలు గురించి చెప్పలేను. జడ్జిగారి గురించి చెప్పలేను. నా గురించి నేనే చెప్పుకోలేను."

"ఆ ముక్కే లోపల అనొచ్చు కదా! అదన్నా నాకు సరిపోయేది!"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయినట్టు ఆమెని చూశారు. ఎండలో ఆయన ఎంత ముసలివారో ఆమెకి మొదటిసారి కనబడింది. "అవును, అనాల్సింది" అన్నారు. "నేను ఆగాను. మీరు మాట్లాడతారని ఆగాను."

"నేనా? నన్నెవరు అడిగారు? అక్కడ నేను నోరు విప్పితే బయటికి పంపిస్తారు!"

"ముప్ఫై ఏళ్ళలో అలవాటైపోయింది. ప్రశ్న పడగానే ఆగిపోతాను. ఎదుటివాళ్ళే మాట్లాడతారు" అన్నారాయన. అని, మళ్ళీ ఆగారు. ఆమె ఇక అక్కడ నిలబడలేదు.

నాలుగో రోజున తాత్కాలిక ఆదేశం వచ్చింది. పిల్ల తండ్రి దగ్గర, నానమ్మ సంరక్షణలో ఉండాలి. తల్లి ఆదివారం పది నుంచి ఐదు దాకా కోర్టు వారి ఆటల గదిలో, ఉద్యోగి కళ్ళెదుట చూడవచ్చు. తల్లి అదే డాక్టరు దగ్గర వైద్యం కొనసాగించాలి. ప్రతి నెలా డాక్టరు తన నోట్సు నకలుతో సహా నివేదిక పంపాలి. మనసు కుదుటపడిందని తోస్తే ఆరు నెలల తర్వాత మళ్ళీ ఆలోచిస్తారు.

"దీన్ని సగం గెలుపే అనుకోమ్మా" అంది లాయరమ్మ. "తలుపు పూర్తిగా మూయలేదు."

"తలుపు మూయలేదు, కన్నంలో కన్ను పెట్టి చూస్తామన్నారు" అంది అక్క.

పిడుగుని పంపే రోజు అది కారులో ఎక్కనని గుమ్మం పట్టుకుంది. దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది లెన్సమ్మే. వేరే ఎవరైనా విడదీస్తే నొప్పి పుడుతుందని.

మళ్ళీ మంగళవారం వచ్చింది. లెన్సమ్మ మెట్లెక్కి, దివాను మీద పడుకుని, పైకప్పు కేసి చూసింది. నోటి నిండా మాటలున్నాయి. మొగుడి మెడ పిసకాలని ఉంది. ఇస్త్రీ వకీలు కోటు మీద సిరా పొయ్యాలని ఉంది. ఈ ముసలాయన చేతిలోని కలం లాక్కుని విరిచెయ్యాలని ఉంది. నిన్న తెల్లవారుజామున వచ్చిన కల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకప్పుడైతే ఇవన్నీ గంటసేపట్లో కక్కేసి, ఇంటికెళ్తూ దారిలో పాట పాడుకునేది. ఇప్పుడు వెనక కలం గీతల చప్పుడు వినబడింది. ఆ చప్పుడు కోర్టు దాకా వెళ్తుంది.

"ఈ వారం బాగుంది" అంది. ఆ గంటలో ఇంకేమీ అనలేదు.

మొదటి నివేదిక వెళ్ళాక లాయరమ్మ ఫోన్ చేసింది. "ఏంటమ్మా ఇది? 'రోగి మాట్లాడటం లేదు' అని రాశారు. దీంతో కొంప మునుగుతుంది. ఏదో ఒకటి మాట్లాడు తల్లీ. మంచి మాటలు."

ఆ ఆదివారం సాయంత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుని కలలు తయారుచేశారు.

"పాపా నేనూ తోటలో నడుస్తున్నాం. చుట్టూ పూలు" అంది లెన్సమ్మ.

"పూలొద్దే. మీ డాక్టరు పూలంటే దేన్ని గుర్తు చేసుకుంటాడో ఏమో."

"పోనీ, వానలో తడుస్తున్నాం."

"నీళ్ళ ఊసు అసలే ఎత్తకు. తొట్టి గుర్తొస్తుంది జడ్జికి."

"మెట్లెక్కుతున్నాం."

"ఎక్కితే దిగాలి, దిగేటప్పుడు పడిపోతారంటాడు ఆ కోటుగాడు. బల్లపరుపుగా ఉండే చోట నడువు." అక్క ఉల్లిపాయ కోస్తూ కాసేపు ఆలోచించింది. "బెలూను ఎగరేస్తున్నారు. ఎండ ఉంది. ఎవరూ చావట్లేదు. రాసుకో."

ఇద్దరూ పడి పడి నవ్వారు. నవ్వి నవ్వి లెన్సమ్మ కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలు అక్క వైపున ఉన్నాయి.

ఆ తర్వాత ఆమె అందులో ఆరితేరింది. పనివాడితనం ఎందులోనైనా పనికొస్తుంది. కలని అంచులు గరుకు లేకుండా అరగదీసేది. మరీ నున్నగా ఉంటే అనుమానం వస్తుందని, నెలకోసారి చిన్న భయం కలిపేది: పిల్ల చెయ్యి జారింది, వెంటనే మళ్ళీ పట్టుకుంది. డాక్టరుగారు రాసుకునేవారు. ఒక శుక్రవారం మాత్రం కలం ఆగిపోయింది.

"ఇవి మీకొచ్చిన కలలు కావు" అన్నారు వెనక నుంచి.

లెన్సమ్మ పైకప్పు మీంచి చూపు తిప్పలేదు. ఆమె కూడా ఆయన దగ్గరే నేర్చుకుంది కదా. ఆగింది. చాలాసేపు ఆగింది. చివరికి ఆయనే మాట్లాడాల్సి వచ్చింది.

"ఇలా చేస్తే ఈ గది ఎందుకమ్మా?"

"మా పిల్ల కోసం."

"మీకు నిజంగా వచ్చేవి ఎక్కడికి పోతాయి?"

"అవి నా దగ్గరే ఉంటాయి డాక్టరుగారూ. అక్కడైతే ఎవరూ కవరు చించరు. మీరు రాసుకోండి. రాసిందే కదా కోర్టుకి నిజం."

కాసేపటికి కలం మళ్ళీ కదిలింది. అంతకుముందెన్నడూ లేని చప్పుడొకటి వినబడింది. స్కేలు పెట్టి గీత గీస్తున్న చప్పుడు. గంట అయిపోయి లేచేటప్పుడు ఆమె ఓరగా పుస్తకంలోకి చూసింది. పేజీ పైన గుండ్రటి అక్షరాలతో 'కల' అని రాసి, కింద గీత కొట్టి ఉంది. ముప్ఫై ఏళ్ళు కట్టని గోడ ఆయన ఇప్పుడు కట్టారు, అదీ రాని కలకి. ఆమెకి ఆయన మీద ఉన్న కసి తీరింది. తీరాక అందులో సంతోషం ఏమీ లేదని తెలిసింది. గుమ్మం దాటుతూ, ఆయన కళ్ళద్దాల కుడివైపు మర వదులైందని గమనించింది. చెప్పకుండానే వెళ్ళిపోయింది.

ఆరు నెలలయ్యాక జడ్జిగారు నివేదికలు తిరగేశారు. ఒక చోట ఆగి చిరునవ్వు నవ్వారు, బెలూను దగ్గర కావచ్చు. "రోగి పరిస్థితిలో స్పష్టమైన మెరుగుదల కనబడుతోంది" అని పైకి చదివారు. శనివారం పొద్దున నుంచి సోమవారం పొద్దున దాకా పిల్ల తల్లి దగ్గర ఉండవచ్చన్నారు. మరో ఆరు నెలలు చూసి మిగతాది నిర్ణయిస్తారు. అప్పటిదాకా తండ్రి తరఫువాళ్ళకి ఏమైనా అనుమానం తోస్తే కోర్టుకి తెలపవచ్చు.

లెన్సమ్మ వైపు తిరిగి, "చూశారా? వైద్యం ఎంత మేలు చేసిందో" అన్నారు ఆప్యాయంగా. జడ్జిగారు మంచి మనిషే. అదే అందులోని బాధ.

"థాంక్సండి" అంది లెన్సమ్మ.

మొదటి శనివారం. పిడుగు బూట్లు విప్పకుండానే ఇల్లంతా పరిగెత్తింది. పెద్దమ్మ మంచం మీద గెంతింది. తన పాత గిన్నెలో తప్ప తిననని పేచీ పెట్టింది. మధ్యాహ్నం అమ్మ చెయ్యి మీద తల పెట్టుకుని నిద్రపోయింది. లెన్సమ్మ చెయ్యి తిమ్మిరెక్కినా కదపలేదు. పిల్ల మెడ దగ్గర పట్టిన చెమటని ఊదుతూ పడుకుంది. గదిలోకి పడ్డ ఎండ మెల్లగా గోడెక్కింది. ఆరు నెలల్లో ఆమెకి దొరికిన ఒక్క మంచి గంట అది.

పిల్ల కళ్ళు తెరిచింది. ఒక నిమిషం ఎక్కడుందో తెలియనట్టు చూసి, కిలకిలా నవ్వింది.

"అమ్మా, నాకు కలొచ్చింది."

"ఏమొచ్చిందే?"

"నేను పెద్దదాన్నయిపోయాను. నువ్వు ఇంత చిన్నదానివి. నువ్వు ఏడుస్తున్నావు, ఏడుస్తున్నావు, ఆపట్లేదు. నేను నిన్ను పెట్టెలో పెట్టి మూతేసేశా! నువ్వు కొట్టుకున్నావు. నాకు భలే నవ్వొచ్చింది."

లెన్సమ్మకి కూడా నవ్వొచ్చింది. దాన్ని దగ్గరికి లాక్కుని, నా తల్లే, ఎంత కోపమే నీకు, నన్నెన్నిసార్లు పెట్టెలో పెట్టాలనుందో అన్నిసార్లూ పెట్టు, అని ముద్దులతో ముంచెయ్యాలనిపించింది. మాట పెదవి దాకా వచ్చింది. అంతలో సోమవారం పొద్దున కళ్ళ ముందు నిలబడింది. కారు ఆగుతుంది. నానమ్మ దీన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అక్కడ ఏం చేశావు, ఏం తిన్నావు, ఎలా పడుకున్నావు అని అడుగుతుంది. ఇది చెబుతుంది. అమ్మ, పెట్టె, మూత. ఇస్త్రీ చేసిన కోటు ఒకటి లేచి నిలబడి, పిల్ల మనసులో ఈ పెట్టె ఎక్కడి నుంచి వచ్చింది సార్, అంటుంది.

లేచి కూర్చుంది. పిల్ల రెండు భుజాలూ పట్టుకుంది.

"ఈ కల ఎవరికీ చెప్పకూడదు."

"ఎందుకు?"

"ఊరికే. నాన్నకీ వద్దు, నానమ్మకీ వద్దు."

"పెద్దమ్మకి?"

లెన్సమ్మ తలుపు వైపు చూసింది. "పెద్దమ్మకీ వద్దు."

పిడుగు మొహం చిన్నబోయింది. కింది పెదవి ముందుకొచ్చింది. "మరి నానమ్మ రోజూ అడుగుతుందిగా, కలేమొచ్చిందే అని."

"అడుగుతుందా?"

"రోజూ అడుగుతుంది. చెప్తే బిస్కెట్టిస్తుంది."

లెన్సమ్మ పిల్ల నుదుటి మీద జుట్టు వెనక్కి దువ్వింది. ఆ చేతులు ఎంత నిదానంగా ఉన్నాయో చూస్తే జడ్జిగారు కూడా మెచ్చుకునేవారు. "అడిగితే వేరే కల చెప్పాలి. మంచిది. నేను నేర్పిస్తా. అమ్మా నేనూ ఎండలో బెలూను ఎగరేశాం అని చెప్పు."

"కానీ ఆ కల నాకు రాలేదుగా?"

"వచ్చిందని చెప్పు."

పిల్ల తల్లి మొహంలోకి తేరిపారా చూసింది. ఇదేదో ఆట కాదని దానికి అర్థమైంది. తెలివైన పిల్ల, ఎంతోసేపు పట్టలేదు. కాళ్ళు మఠం వేసుకుని బుద్ధిగా కూర్చుంది.

"నేనూ అమ్మా ఎండలో బెలూను ఎగరేశాం" అంది. "అమ్మా, బెలూను ఎర్రదని చెప్పనా?"

"ఎరుపొద్దు" అంది లెన్సమ్మ. "పసుపు రంగుదని చెప్పు."